రాజభవనంలో ఎవరూ వినని గుండె చప్పుడు

విక్టోరియా మహారాణి పేరు వినని వాళ్లుండరు. ఆమెకు కిరీటం దక్కడం వెనక ఓ నిండు చూలాలి మరణం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ చూలాలు ఇంగ్లండు యువరాణి షార్లెట్.

షార్లెట్ 1796 జనవరి 7న పుట్టింది. ఒక్కతే సంతానం. తల్లికీ తండ్రికీ పడక కొన్నాళ్లకే విడిపోయారు. తండ్రి కుదిర్చిన హాలెండు రాకుమారుడు వద్దంది. 1814లో ఇంట్లోంచి వీధిలోకి పరుగెత్తి, బాడుగ బండెక్కి తల్లి దగ్గరికి పోయింది. అంత గట్టి పిల్ల! చివరికి 1816 మే 2న మనసుకు నచ్చిన లియోపోల్డ్‌ని పెళ్లాడింది. క్లేర్‌మాంట్ భవనంలో కాపురం పెట్టారు.

మరుసటి ఏడు గర్భం నిలిచింది. తిండి తగ్గించారు, ఒంట్లోంచి నెత్తురు తీశారు. అప్పటి వైద్యం అది. అక్టోబరు 19న అవుతుందనుకున్న కాన్పు రెండు వారాలు దాటింది. నవంబరు 3న మొదలైన నొప్పులు రెండు రోజులు సాగాయి. ముదురు ఆకుపచ్చ స్రావం కనిపించింది. బిడ్డ మలం ఉమ్మనీటిలో కలిస్తే అలా అవుతుందనీ, బిడ్డ నలుగుతోందనడానికి అదో గుర్తు కావచ్చనీ ఇప్పుడు మనకు తెలుసు. కాన్పు చూస్తున్న సర్ రిచర్డ్ క్రాఫ్ట్ ఫోర్సెప్స్ జోలికి పోలేదు. మంత్రులు బయట కూర్చుని ఎదురుచూశారు. లోపల పసిగుండె ఎలా కొట్టుకుంటోందో విన్నవాళ్లు లేరు.

5వ తేదీ రాత్రి తొమ్మిది పౌన్ల మగబిడ్డ పుట్టాడు. ఊపిరి లేదు. తెల్లవారకముందే తల్లీ పోయింది. పాపం, నిండా 21 ఏళ్లు. క్రాఫ్ట్ 1818 ఫిబ్రవరిలో తనను తాను కాల్చుకున్నాడు. వారసుల కోసం షార్లెట్ బాబాయిలు హడావిడిగా పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్లలో ఒకరి కూతురే 1819లో పుట్టిన విక్టోరియా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. షార్లెట్ పోయిన మరుసటి ఏడే, 1818లో, జెనీవాలో ఫ్రాంస్వా మేయర్ అనే వైద్యుడు గర్భిణి పొట్టకు చెవి ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నాడు. ఏ మిషనూ లేదు, ఒట్టి చెవే! 1821లో ఫ్రాన్సులో కెర్గరాడెక్ ఉమ్మనీటి కదలిక వినాలని స్టెతస్కోపు పెడితే ఆ చప్పుడే వినబడింది.

నా రెండో కాన్పులో ఉమ్మనీరు తగ్గిందని మందుతో నొప్పులు తెప్పించారు. పొట్టకు పట్టీలు కట్టారు. కాగితం మీద గుండె గీత కిందికి జారినప్పుడల్లా నర్సమ్మ నన్ను ఎడమవైపు తిప్పేది. యువరాణికి దక్కని భాగ్యం అది.

తేదీ దాటినా, బిడ్డ కదలిక తగ్గినా, నీరు ఆకుపచ్చగా పోతున్నా ‘రేపు చూద్దాంలే’ అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లి బిడ్డ గుండె చూడమని అడగండి.