పసిపిల్లల పక్షాన దుర్గాబాయి

శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే మన సభ్యులకు ఆంధ్ర మహిళా సభ జ్ఞాపకం వస్తుంది. బడి ఈడు రాని పిల్లల కోసం ఆమె చేసిన కృషి అంతగా తెలియదు.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. 1959 దాకా మన భద్రాచలమూ ఆ తూర్పు గోదావరి జిల్లాలోదే. చిన్ననాడే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తర్వాత న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు అయ్యారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే. తల్లి కూలికి పోతే బిడ్డను చూసేదెవరు? ఆ బోర్డు పథకాల కింద పల్లెల్లో బాలవాడీలు, ప్రసూతి సేవలు, స్త్రీలకు అక్షరాస్యత ఒకచోటికి వచ్చాయి. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో అంగన్‌వాడీ పథకం మొదలైంది. ఆమె 1981 మే 9న కన్నుమూశారు.

ఉద్యోగరీత్యా నేను ఏజెన్సీ గూడేలు తిరిగాను. తునికాకు కోతకు తల్లులు అడవికెళ్తే పిల్లలకు అంగన్‌వాడీయే నీడ. కోయ భాష వచ్చిన టీచరు ఉన్నచోట పిల్లలు ఏడవకుండా కూర్చునేవారు.

2002 రాజ్యాంగ సవరణ ఆరేళ్లు నిండిన పిల్లలకు చదువును హక్కు చేసింది. అంతకు చిన్నవాళ్లకు ప్రభుత్వం ప్రయత్నించాలని మాత్రమే అన్నది. ఆ లోటు తీరేదాకా, తీరిక ఉన్న మనం ఊరి అంగన్‌వాడీకి అప్పుడప్పుడు వెళ్లి మంచిచెడ్డలు కనుక్కోవాలని నా మనవి.