బళ్ళారి రాఘవ – మా అక్కకు దక్కని వేషం

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని గురించి రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు బళ్ళారి రాఘవగారు గుర్తుకొచ్చారు. మాది విడపనకల్లు. పెళ్ళి బట్టలకైనా, బంగారానికైనా, రోగమొస్తే ఆస్పత్రికైనా మాకు బళ్ళారే దిక్కు. ఆయనను చూసే భాగ్యం నాకు కలగలేదు. నేను పుట్టకముందే, 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. ఆయన నాటకాల కబుర్లు మాత్రం మా నాయన నోట ఎన్నోసార్లు విన్నాను.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880 ఆగస్టు 2న మన జిల్లా తాడిపత్రిలో జన్మించారు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఆయనకు మేనమామ. మదరాసులో లా చదివి బళ్ళారిలో ప్లీడరీ పెట్టారు. పగలు కోర్టు, రాత్రి నాటకం. హరిశ్చంద్రుడుగా, పఠాన్ రుస్తుంగా జనాన్ని కట్టిపడేశారు. ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిసివచ్చారు. 1939లో రైతుబిడ్డ సినిమాలో నటించినా ఆయన మనసు నాటకం మీదే.

ఇవి మనలో చాలామందికి తెలిసినవే. నేను ముఖ్యంగా చెప్పదలచింది మరొకటి.

సురభి కుటుంబాల వంటివారిని మినహాయిస్తే, ఆ రోజుల్లో సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం అప్రతిష్ఠ. సావిత్రి అయినా చంద్రమతి అయినా మీసాలు గీయించుకున్న మగవాడే. ఆడదాని కష్టం మీద నాటకం రాసేదీ మగవాడే, ఆ కష్టానికి ఏడ్చేదీ మగవాడే. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు స్త్రీపాత్రలతో వెలిగిన ఆ కాలంలో, స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని రాఘవగారు పట్టుబట్టారు. చదువుకున్న స్త్రీలను ప్రోత్సహించి నాటకాల్లోకి తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవిగారు అలా ఆయనతో కలిసి నటించినవారే. తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నారుగారి తప్పెవరిది నాటకాన్ని రాఘవగారు ప్రదర్శించారు. సంసారం చెడితే తప్పంతా ఆడదానిదే అనే లోకాన్ని ఆ నాటకం పేరే నిలదీస్తుంది. అటువంటి పాత్రను ఆడమనిషే పలకాలని ఆయనకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి. అరవయ్యేళ్ళ కిందట మా ఊరి జాతరకు హరిశ్చంద్ర వేశాము. చంద్రమతి నేను. నాకు పద్యాలు నేర్పింది మా అక్క. కాశీ వీధిలో భార్యను అమ్మే ఘట్టంలో ఎలా నిలబడాలో, కొంగు ఎలా పట్టుకోవాలో అన్నీ చూపింది. నాకంటే వెయ్యి రెట్లు బాగా చేసేది. ఆ వేషం తానే వేస్తానని ఒక్కసారి అడిగింది. రాఘవగారిని దేవుడిలా చెప్పుకొనే మా నాయన కసిరికొట్టాడు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఆ రాత్రి ఆమె చీరే కట్టుకొని చప్పట్లు కొట్టించుకున్నాను. మరుసటేడు అక్కకు పెళ్ళి చేసి పంపేశారు. ఆమె ఇప్పుడు లేదు.

1981లో తపాలా శాఖ రాఘవగారి బిళ్ళ విడుదల చేసింది. బళ్ళారిలో ఆయన పేర కళామందిరం ఉంది. బస్సులో అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఆయనతోపాటు అక్క కూడా గుర్తొస్తుంది. పెద్దలను పొగడటం సులువే, వారి మాట మన ఇంట్లో అమలుపరచడమే కష్టం.

సభ్యులకు నా మనవి ఒక్కటే. మన కూతుళ్ళు, కోడళ్ళు, మనవరాళ్ళు ఏదైనా వేస్తామని, పాడతామని అడిగితే కాదనకండి. ముందు వరుసలో కూర్చుని చూడండి.