కొండలను గాజుపలకపై నిలిపిన రాజా దీన్‌దయాళ్

రాజా దీన్‌దయాళ్ పేరు వినగానే దర్బారులు, వేటలు, విందులు కన్నులకు కట్టుతాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ఆయన గడించిన కీర్తి అటువంటిది. కాని కొండలను, కొండకొమ్ములపైని కోటలను నలుపు తెలుపులలో ఆయన నిలిపిన తీరు ఆ దర్బారు చిత్రాలకంటె మిన్నయని నా అభిప్రాయం.

1844లో మీరట్ సమీపాన సర్ధనాలో ఒక జైన కుటుంబంలో ఆయన జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరాడు. అంచనాలు కట్టడం, నక్షాలు గీయడం అక్కడి పని. 1874లో కెమెరా చేపట్టాడు. రాతిగోడను కొలతలతో చూడనేర్చిన ఆ కన్ను రాతికొండ వాలును సైతం అదే శ్రద్ధతో పరికించింది.

నాటి ఛాయాచిత్రకళ ఎంత కష్టసాధ్యమో నేటి విద్యార్థులు ఊహించడం దుర్లభం. గాజుపలకకు కలోడియన్ ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలె. ఉన్న వ్యవధి కొద్ది నిమిషాలు. మన రెంటచింతల వేసవిని ఎరిగినవారికి ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో చెప్పనక్కరలేదు. చీకటిగది పనికి ఒక గుడారం, మందుసీసాలు, బరువైన పలకలు కూలీలచేత కొండపైకి మోయించవలసినదే. సామ్యుయెల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1866లో ఈ సామగ్రితోనే 18,000 అడుగులకు పైబడిన హిమాలయపు కనుమ నెక్కాడు. 1880 ప్రాంతానికి పొడి పలకలు ప్రచారంలోకి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గింది.

తగ్గని చిక్కు మరొకటి. ఆ పలకలు నీలికాంతికే అధికంగా స్పందించేవి. అందువల్ల ఆకాశం మేఘమైనా లేక తెల్లగా తేలిపోయేది. దూరపు గిరులు నీలి పొగమంచులో కరిగిపోయేవి. ఎర్రని ఇసుకరాయి, పచ్చని చెట్లు నల్లబడేవి. రంగు లేనిచోట కొండకు ఆకృతినిచ్చేది నీడయే. సూర్యుడు నడినెత్తిన ఉంటే శిలల మడతలన్నీ చదునైపోతాయి. ఏటవాలు వెలుగుకై కాచుకొని కూర్చోవడం ఈ కళలో సగం పని.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ పర్యటించాడు. గ్వాలియర్, ఓర్ఛా, దతియా, ఖజురహో చిత్రాలు 1886లో గ్రిఫిన్ గ్రంథంలో వెలువడినాయి. గ్వాలియర్‌లో కోట ఎక్కడ మొదలై కొండ ఎక్కడ ముగిసిందో తెలియదు. ఆ ఏకత్వమే ఆ దృశ్యానికి ప్రాణం. ఈ కృషి కొరకే ఆయన దీర్ఘకాలపు సెలవు పెట్టి, పిదప ఉద్యోగానికే స్వస్తి చెప్పాడు. స్థిరమైన జీతం వదలి, పగిలిపోయే గాజును నమ్ముకొనడం సామాన్యమైన సాహసం కాదు.

నిజాం ఆశ్రయం లభించాక సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. స్త్రీలకు ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో కూడ నడిపాడు. నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ గిరిదుర్గం, ఎల్లోరాలో కొండనే తొలిచి మలచిన కైలాసాలయం ఆయన కెమెరా ముందుకు వచ్చినాయి. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడని మన ఉర్దూ మిత్రులకు వేరుగా చెప్పవలెనా?

ఇట్టి చిత్రాల విలువ పల్నాటివారికి బాగుగా తెలియును. మన పొరుగుననే నాగార్జునకొండ లోయలో 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు జరిపించాడు. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. అనంతరం లోయ జలమయమై, కొండ శిఖరం ద్వీపంగా మిగిలింది. ఆ లోయ పూర్వరూపం నేడు చూడగోరువారికి నాటి నలుపు తెలుపు ఛాయాచిత్రాలే దిక్కు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన సంస్థ గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.