చెరసాలలో నెహ్రూజీ ప్రకృతి సాన్నిధ్యము

మహానాయకుల జీవితములను చదువునపుడు మనము సభలను, ఉద్యమములను, పదవులను మాత్రమే పరికించుట పరిపాటి. ఆ కార్యభారమును మోసిన హృదయము అలసినప్పుడు ఎక్కడ సేద దీరినదో తెలిసికొనుట అరుదు. పండిత జవహర్‌లాల్ నెహ్రూ విషయములో ఆ సంగతి తెలిసికొనవలెనన్న, ప్రధానమంత్రి భవనమునకు గాక ఆయన నివసించిన కారాగారములకు వెళ్లవలెను. 1921 డిసెంబరు మొదలు 1945 జూన్ వరకు ఆయన తొమ్మిది సార్లు నిర్బంధమునకు లోనై, మొత్తము మీద దాదాపు తొమ్మిది సంవత్సరములు గోడల నడుమ గడిపినారు. ప్రకృతిని చూచుట ఆయన నిజముగా నేర్చినది అక్కడనే.

నెహ్రూజీ 1889 నవంబరు 14న అలహాబాదులో జన్మించినారు. ఆయన పూర్వులు కాశ్మీరదేశస్థులు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఆయన అభ్యసించినది రసాయన, భూగర్భ, వృక్ష శాస్త్రములు. 1916లో కమలాదేవితో వివాహమైన పిదప, ఆ వేసవిలో కాశ్మీర పర్వతములకు వెళ్లినారు. అచట మంచుమీద నడచుచుండగా కాలి క్రింది మంచు విరిగి లోతైన బీటలోనికి జారిపోయినారు. నడుమునకు కట్టిన త్రాడు నిలిచినందున ప్రాణములు దక్కినవి. ఆ ప్రమాదము ఆయనకు పర్వతములపై భయమును గాక మరింత మక్కువను కలిగించినది. కైలాస మానససరోవర యాత్ర చేయవలెనని ఎన్నో యేండ్లు కలలు గన్నారు. ఆ కోరిక మాత్రము తుదివరకు తీరలేదు.

పర్వతారోహణము వేడుక, పర్వతదర్శనము ఓదార్పు. ఈ రెంటికి గల భేదమును ఆయనకు తెలియజేసినది చెరసాల. 1922లో లక్నో జైలులో ఉన్నప్పుడు ఆరుబయట పరుండి ఆకాశములో మేఘములు రంగులు మార్చుకొనుచు సాగిపోవుటను గంటల తరబడి చూచేవారు. తీరిక లేని జీవితములో అంతకుముందెన్నడును ఆయన మేఘములను అంత శ్రద్ధగా చూచి యెరుగరు. అదే లక్నో జైలులో ఆయన కదలక మెదలక చదువుకొనుచుండగా ఉడుత ఒకటి కాలిమీదుగా ప్రాకి మోకాలిపై కూర్చుండి నలుదిక్కులు పరికించేది. తల్లికి దూరమైన ఉడుత పిల్లలు మూడింటికి, ఫౌంటెన్ పెన్నులో సిరా పోయు ఫిల్లరుకు కొంచెము దూది చుట్టి, దానితో పాలు పట్టిన ముచ్చట కూడ ఆయన స్వీయచరిత్రలో కలదు.

1932 నుండి 1933 వరకు ఆయన డెహ్రాడూన్ జైలులో పదునాలుగు నెలలకు పైగా ఉన్నారు. కుమార్తె ఇందిరకు ప్రపంచ చరిత్రను గూర్చి వ్రాసిన లేఖలలో అనేకములు అక్కడ వ్రాసినవే. ఆయన గదిలో కందిరీగలు గూళ్లు కట్టుకొని ఉండేవి. ఒకటి కుట్టగా కోపించి వాటిపై యుద్ధము ప్రకటించినారు. అవియు తమ గూళ్ల కొరకు గట్టిగా ఎదిరించినవి. తుదకు ఆయనయే, అవి తన జోలికి రాకున్న తానును వాటి జోలికి పోనక్కరలేదని నిశ్చయించుకొన్నారు. ఆ పిమ్మట ఏడాదికి పైగా ఉభయులు అదే గదిలో నిర్విరోధముగా కాపురమున్నారు. దిక్కులేని కుక్క యొకటి అక్కడనే పిల్లలను పెట్టినది. అందొక పిల్లకు తీవ్రమైన జబ్బు చేయగా రాత్రివేళ పదేపదే లేచి దానికి పరిచర్య చేసినారు.

కొంతకాలమునకు జైలు ద్వారము వెలుపల కొద్దిసేపు పచార్లు చేయుటకు ఆయనకు అనుమతి లభించినది. అక్కడ నాలుగు పెద్ద రావిచెట్లు ఉండేవి. ఆవలగా హిమాలయ శ్రేణులు కనుపించేవి. శిశిరములో రావిచెట్లు ఆకులన్నియు రాల్చి మోడులై నిలుచుట, వసంతాగమనముతో కొమ్మకొమ్మకు సన్నని పచ్చదనము తొంగిచూచుట ఆయన దినదినము గమనించినారు. మామిడి లేత చిగురులోని రాగిరంగు కాశ్మీర పర్వతములలోని శరత్కాలపు వన్నెను జ్ఞప్తికి తెచ్చినది. లోపలి ముంగిటినుండి పర్వతములు కానరావు. అయినను అవి సమీపముననే ఉన్నవను ఎరుక ఆయనను విడువలేదు. వేల యేండ్లుగా గాలివానలకు చలింపని ఆ శిఖరముల ముందు, మనుష్యుల నాటి చికాకులు మిక్కిలి చిన్నవిగా తోచేవి.

అసలైన పరీక్ష 1934లో వచ్చినది. ఆ యేడు ఫిబ్రవరిలో మరల నిర్బంధింపబడి, కలకత్తాలోని అలీపూర్ జైలులో కొన్నాళ్లుండి, మే నెలలో డెహ్రాడూన్‌కు మార్చబడినారు. మనస్సు అప్పటికే గాయపడి యున్నది. గాంధీజీ శాసనోల్లంఘన ఉద్యమమును నిలిపివేసిన వార్త అలీపూర్‌లోనే తెలిసి, తాను ఒంటరివాడనైతినను వేదన కలిగినది. ఇంటివద్ద కమలాదేవికి క్షయవ్యాధి. ఇట్టి స్థితిలో డెహ్రాడూన్ అనగానే పర్వతములు కనుపించునన్న ఆశ యొక్కటే మిగిలినది. తీరా అక్కడికి చేరగా పాత నివాసము లభింపలేదు. క్రొత్త ముంగిటి చుట్టునున్న గోడను ఆయన కొరకే ప్రత్యేకముగా ఎత్తు పెంచినారు. చెట్ల కొనలు తప్ప మరేమియు కానరాదు. ద్వారము వెలుపల నడచుటకు కూడ ఈ తడవ అనుమతి లేదు. మూడు నెలలకు పైగా అక్కడ ఉండియు ఆయన ఒక్కసారియైనను పర్వతములను చూడలేదు.

మరియొకరైన ఆ గోడను చూచుచు కృశించి యుందురు. నెహ్రూజీకి బాధ కలుగలేదని కాదు. ఆ లోటును ఆయన దాచుకొనలేదు. కాని ఆ జూన్ నెలలో, ఆ గోడల నడుమనే, ఆయన తన స్వీయచరిత్రను వ్రాయ నారంభించినారు. పూర్వము చూచిన రావిచెట్లు, మామిడి చిగురు, ఉడుతలు, కందిరీగలు అన్నియు ఆ గ్రంథములో చోటు చేసికొన్నవి. ఎత్తైన గోడ పర్వతములను కన్నులకు మరుగు చేయగలిగినదే గాని, శ్రద్ధతో చూచి మనస్సులో నిలుపుకొన్నదానిని తుడిచివేయలేకపోయినది.

ఆగస్టులో కమలాదేవి వ్యాధి ముదిరినందున ఆయనను పదకొండు రోజులు విడుదల చేసి మరల నైనీ జైలునకు పంపినారు. అక్టోబరులో ఆమె హిమాలయ ప్రాంతమున భువాలీ క్షయ చికిత్సాలయములో చేరగా, సమీపముగా ఉండుటకై ఆయనను అల్మోరా జైలునకు మార్చినారు. దారిలో చల్లని కొండగాలి సోకి, దూరమున మంచు శిఖరములు తళతళలాడగా, చాలకాలమునకు ఆయన మనస్సు తేలికపడినది. అప్పుడప్పుడు భార్యను చూచి వచ్చుచు, 1935 ఫిబ్రవరిలో అక్కడనే స్వీయచరిత్రను ముగించినారు. కమలాదేవి 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండులోని లోజాన్ నగరములో మరణించినారు. ఆ యేడే ప్రచురితమైన గ్రంథమును ఆయన ఆమెకే అంకితమొనర్చినారు. ప్రకృతి ఆయన దుఃఖమును తొలగింపలేదు. దుఃఖమును భరించు బలమును మాత్రము ప్రసాదించినది.

తుది నిర్బంధము అన్నింటికంటె దీర్ఘమైనది. 1942 ఆగస్టు 9న బొంబాయిలో అరెస్టయి, కాంగ్రెసు కార్యవర్గ సభ్యులతో పాటు అహమ్మదునగరు కోటకు చేరినారు. మౌలానా ఆజాద్, సర్దార్ పటేల్, ఆచార్య నరేంద్రదేవ్, ఆంధ్రుల అభిమాన నాయకుడు డాక్టరు పట్టాభి సీతారామయ్య మున్నగువారు ఆయన సహవాసులు. ఒకప్పుడు చాంద్‌బీబీ శత్రువులనుండి కాపాడిన కోట యది. అక్కడ పర్వతములు లేవు, రావిచెట్ల వరుసయు లేదు. ఉన్నది పాత కట్టడముల శిథిలములతో నిండిన రాతినేల. నెహ్రూజీ గునపము చేపట్టి, ఎండను లెక్కచేయక, దినమునకు కొన్ని గంటలు ఆ నేలను త్రవ్వి పూలమడులు సిద్ధము చేసినారు. నెలవంక కనుపించినప్పుడెల్ల మరియొక నెల గడచినదని లెక్కించుకొనేవారు. 1944లో ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు ఐదు నెలలలో భారతదేశ చరిత్రను పరిశోధించు తన మహాగ్రంథమును అక్కడనే వ్రాసినారు. త్రవ్వకములో బయల్పడిన పాత గోడల ముక్కలను గూర్చిన ప్రస్తావన ఆ గ్రంథారంభములోనే కలదు. ఆజాద్ గారు కూడ అదే కోటలో తన గదిలోనికి వచ్చు పిచ్చుకలను గూర్చి ముచ్చటగా వ్రాసికొన్నారు. తన భార్య మరణవార్తను ఆయన విన్నదియు అక్కడనే.

పూర్వము ప్రకృతి ఇచ్చినదానిని నెహ్రూజీ స్వీకరించినారు. అహమ్మదునగరులో, అది ఇయ్యనిదానిని తన చేతులతో కల్పించుకొన్నారు. చూచుటనుండి పెంచుటకు సాగిన ఈ ప్రయాణమే ఆయన చెరసాల జీవితపు సారము. విధివిలాసమా యన్నట్లు, 1945 జూన్ 15న ఆయనకు తుది విముక్తి లభించినది అల్మోరా జైలునుండియే. కొండల నడుమనుండి ఆయన తిన్నగా దేశకార్యములోనికి దిగి వచ్చినారు.

ప్రధానియైన పిదప ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనములో హిమాలయములనాటి ఎర్ర పాండాలను పెంచి, పనుల నడుమ తీరిక చేసికొని వాటికి స్వయముగా ఆహారము తినిపించేవారు. 1954లో వ్రాసిన మరణశాసనములో తన చితాభస్మములో పిడికెడు ప్రయాగలో గంగలో కలుపవలెననియు, అది మతాచారముగా గాక చిన్ననాటినుండి ఆ నదిపై గల ప్రేమచేతననియు, మిగిలినదానిని విమానమునుండి రైతులు శ్రమించు పొలములపై చల్లవలెననియు కోరినారు. 1964 మే 27న ఆయన మరణించిన పిదప ఆ కోరిక నెరవేరినది. దేశపు మట్టిలో ఆయన మట్టియై కలిసినారు.

ప్రకృతి సాన్నిధ్యము కోరువారు అడవులకు పోవలెననియు, సంసారకార్యములు విడువవలెననియు తలచుట కలదు. నెహ్రూజీ జీవితము అట్లు చెప్పదు. ఆయన ఏ కర్తవ్యమును విడిచి కొండలను ఆశ్రయింపలేదు. కర్తవ్యము తెచ్చిపెట్టిన గోడల నడుమ నిలిచి, లభించిన చారెడు ఆకాశమును, నాలుగు చెట్లను, పిడికెడు మన్నును ఆదరముతో చూచి శాంతిని పొందినారు. కార్యాలయపు గది కిటికీ వెలుపల వేపచెట్టు ఏటేట చిగిర్చుచునే యున్నది. తలయెత్తి దానిని చూచు తీరిక కల్పించుకొనుట మాత్రము మన వంతు.