రాససుందరీదేవి చరిత్రము

వంగదేశమునందలి పాబనా మండలములో పోతాజియా గ్రామమున 1810వ సంవత్సర ప్రాంతమున రాససుందరీదేవి జన్మించెను. పండ్రెండవయేట వివాహమై ఫరీదుపుర మండలమునందలి రామదియా గ్రామమునకు కాపురమునకు వచ్చెను. ఆ పెద్దకుటుంబమునకు వంటయు, అతిథిసేవయు నామెచేతిమీదుగనే జరుగవలసియుండెను. పండ్రెండుగురు బిడ్డలను గనిన యాతల్లికి భుజించుటకైన నొక్కొక్కదినమున తీరిక లేకుండెను. కన్నతల్లి మరణశయ్యపై నున్నప్పుడు పోయి చూచుటకైన స్వాతంత్ర్యము లేకపోయెను.

చదువుకొన్న స్త్రీ విధవ యగునని జనులు భయపెట్టుచుండిన కాలమది. ఐనను చైతన్యభాగవతమును చదువవలెనను కోరిక యామెను విడువలేదు. ఆ గ్రంథములోని పత్రము నొకదానిని, కుమారుడు వ్రాసిన తాటియాకు నొకదానిని వంటయింట దాచి, రెండింటి యక్షరములను పోల్చుకొనుచు, ఇరువదియైదేండ్ల ప్రాయమున రహస్యముగా చదువ నేర్చెను. వ్రాత నేర్చినది మరి యనేక సంవత్సరములకు. కలకత్తాలో విద్యాభ్యాసము చేయుచుండిన కుమారుడు కిశోరీలాలు తన లేఖలకు ప్రత్యుత్తరములు కోరుటయే దానికి కారణము.

1876లో ఆమె స్వీయచరిత్రమగు ఆమార్ జీబన్ ప్రకటింపబడెను. వంగభాషలో మొదటి స్వీయచరిత్రమని దానికి ప్రసిద్ధి. ఎనుబదియేండ్లు దాటినపిమ్మటను దానిని పెంచి 1897లో మరల ప్రకటించి, 1899లో దేహము చాలించెను. కిశోరీలాలుని కూతురు సరళాబాల గ్రంథకర్త్రి యయ్యెను. అవ్వ పొగచూరిన వంటయింట దాచిన యక్షరములు మనుమరాలికి బహిరంగముగా దక్కెను.

బిడ్డల పోషణమును, ఇంటిపనియు నామె విద్యాకాంక్షను చంపజాలకపోయెను. ఆమె పుస్తకమును దాచుకొనునట్లు చేసినది లోకభయమే. తల్లి యక్షరమును దాచుకొనవలసిన యవసరము తన యింట కలుగకుండ జూచుట గృహస్థుని ధర్మము.