మట్టిలో మందును వెదకిన ఎలిజబెత్ హేజెన్

తడి చేయి తగిలిన ఆవకాయ జాడీకి బూజు పట్టడం మనమెరిగినదే. ఆ బూజుకు దగ్గరి బంధువులైన శిలీంధ్రాలు కొన్ని మనిషి నోటిలో, పేగులలో, ఊపిరితిత్తులలో సైతం పెరిగి పీడిస్తాయి. పెన్సిలిన్ వాటిని ఏమీ చేయలేదు. ఆ వ్యాధులను గుర్తించడానికీ, మందు వెదకడానికీ జీవితాన్ని ధారపోసిన విదుషీమణి డాక్టర్ ఎలిజబెత్ లీ హేజెన్.

ఆమె 1885 ఆగస్టు 24న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో రిచ్ అనే పల్లెలో పత్తి రైతు ఇంట జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల ఇంట పెరిగారు. 1910లో పట్టభద్రురాలై కొంతకాలం ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించారు. పంతులమ్మగా స్థిరపడక, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి 1927లో డాక్టరేటు పొందారు. అప్పటికి ఆమె వయస్సు నలభై దాటింది.

1931లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రయోగశాలలో చేరారు. 1944లో శిలీంధ్ర వ్యాధుల పని ఆమెకు అప్పగించబడింది. రోగుల నుండి వచ్చిన నమూనాలను పెంచి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇది ఫలానా శిలీంధ్రమని తేల్చడమే ఆ పని. అందుకై కొలంబియాలో తిరిగి విద్యార్థినియై శిక్షణ పొందారు. అరవైకి చేరువైన వయస్సులో కొత్త శాస్త్రానికి అక్షరాభ్యాసం చేయుట సామాన్యమా!

రోగం తెలిసినా మందు లేదు. ఆ రోజులలో పలు యాంటీబయాటిక్ మందులు మట్టిలోని సూక్ష్మజీవుల నుండే వెలువడుచుండెను. మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సారథ్యంలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడా అట్టిదే. అయితే ఇట్టి మందులు శరీరంలోని మేలు బాక్టీరియాను కూడా చంపడంతో, శిలీంధ్రాలకు మరింత చోటు దొరికేది. అందువలన హేజెన్ అన్వేషణ నాడు అత్యవసరమైనది.

1948లో ఆల్బనీ నగరంలోని రసాయన శాస్త్రవేత్త రేచల్ బ్రౌన్‌తో ఆమె జతకూడారు. ఇరువురి నడుమ దూరం సుమారు 240 కిలోమీటర్లు. హేజెన్ మట్టి నుండి జీవులను పెంచి, శిలీంధ్రాన్ని చంపగలవాటిని గాజు జాడీలలో తపాలా ద్వారా పంపేవారు. బ్రౌన్ అందలి సారాన్ని వేరుచేసి మరల తపాలాలోనే తిప్పి పంపేవారు. శిలీంధ్రాన్ని చంపిన పదార్థాలలో అధిక భాగం ఎలుకలను కూడా చంపేవి! చివరకు వర్జీనియాలో నర్స్ అనే మిత్రుని పొలం మట్టిలో దొరికిన జీవి ఫలించింది. ఆ మిత్రుని పేరనే దానికి స్ట్రెప్టోమైసిస్ నర్సీ అని నామకరణం చేశారు.

1950లో ప్రకటించిన ఈ మందుకు న్యూయార్కు రాష్ట్రం పేరు కలిసి వచ్చేలా నిస్టాటిన్ అని పేరిడినారు. ఇది శిలీంధ్ర కణపు పొరకు రంధ్రాలు చేసి దానిని చంపుతుంది. పేగుల నుండి రక్తంలోకి దాదాపు చేరదు కనుక నోటి తెల్లపూతకు, పేగులకు, చర్మానికి మాత్రమే తగినది. తామరకు పనిచేయదని పాఠకులు గమనింప మనవి.

దీనిపై వచ్చిన రాయల్టీ 1 కోటి 30 లక్షల డాలర్లకు పైబడినది. ఇరువురూ ఒక్క డాలరైనా స్వంతానికి తీసుకొనక శాస్త్ర పరిశోధనలకే వదలివేశారు. 1966లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం వరదపాలైనప్పుడు బూజు పట్టిన చిత్రపటాలను కాపాడటానికి సైతం ఈ మందునే వాడారు.

1960లో పదవీ విరమణ చేసిన పిదప కూడా హేజెన్ కొలంబియాలో శిలీంధ్రాల పరిశోధన మానలేదు. 1975 జూన్ 24న సియాటిల్ నగరంలో కన్నుమూశారు. 1994లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆమె పేరు, బ్రౌన్ పేరు కలిపి చేర్చారు.