మంచుపై నర్తించిన సోన్యా హెనీ

మంచుగడ్డను షర్బతు గ్లాసులోను, ఐస్ ఫ్యాక్టరీ వాకిటను తప్ప ఎరుగని మనకు, ఉక్కు పలకలు అమర్చిన బూట్లతో దానిపై నర్తించుట ఒక వింత. ఆ విద్యకు ఫిగర్ స్కేటింగ్ అని పేరు. అందులో స్త్రీ గాలిలోకి ఎగురుట గొప్పదా, సంగీతమునకు ఒదిగి అంగవిన్యాసము చూపుట గొప్పదా అను తగవు నూరేండ్లుగా తెగలేదు. ఆ తగవు నడుమ నిలిచిన సోన్యా హెనీ జీవితమును విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుటకు పూనుకొన్నాము.

నార్వే రాజధాని ఓస్లోలో, ఆ నగరమునకు ఇంకను క్రిస్టియానియా అని పేరున్న కాలమున, 1912 ఏప్రిల్ 8న ఆమె జన్మించినది. తండ్రి విల్హెల్మ్ జంతుచర్మపు ఉడుపుల వర్తకుడు. యౌవనమున సైకిలు పందెములలో పేరు పొందినవాడు. కుమార్తెకు చిన్ననాడే బాలే నృత్యము నేర్పించినాడు.

1924లో షామొనీలో జరిగిన తొలి శీతకాల ఒలింపిక్స్‌కు వెళ్లినపుడు ఆమె వయసు పదకొండేండ్లు. పోటీపడినవారు ఎనిమిది మంది. ఆమెది ఎనిమిదవ స్థానము. నడుమ నడుమ గురువు వద్దకు జారి వచ్చి, తరువాత ఏమి చేయవలెనని అడిగెడిదని చెప్పుకొందురు.

ఆనాటి స్త్రీలు పొడవైన పావడాలతో మంచుపైకి దిగెడివారు. 1920 ఆంట్‌వెర్ప్ క్రీడలలో అమెరికాకు చెందిన థెరీసా వెల్డ్ సాల్కో అను గెంతు వేయగా, అది స్త్రీకి తగదని న్యాయనిర్ణేతలు మందలించిరి. పురుషుడు ఎగిరిన నైపుణ్యము, స్త్రీ ఎగిరిన అమర్యాద! ఈ న్యాయము మనకును కొత్తది కాదు. హెనీ దీనిని వాదించి ఓడించలేదు. పసిపిల్ల గనుక మోకాళ్లపై పావడా ధరించినను ఎవరును ఆక్షేపింపలేదు. ఆమె ఎదిగి గెలుచుచుండగా ఆ పొట్టి పావడాయే అందరికీ ఆనవాయితీ అయినది. కాలికి అడ్డు తొలగిన పిదప గెంతులును వచ్చినవి.

అయినను గెంతులే ఆమెను గెలిపించినవనుట పొరపాటు. నాడు మార్కులలో నూటికి 60 పాళ్లు నిర్బంధ ఆకృతులకే దక్కెడివి. ఒంటికాలిపై ఎనిమిది అంకెవంటి గీతను మంచుపై గీసి, దాని మీదనే మరల మరల గీయవలెను. 1990లో తొలగింపబడువరకు ఈ పరీక్ష అంతర్జాతీయ పోటీలలో ఉండెను. మిగిలిన స్వేచ్ఛా ప్రదర్శనలో, విడివిడిగా చూపెడి విన్యాసములను హెనీ ఒకే నృత్యముగా కూర్చినది. రష్యన్ నర్తకి ఆనా పావ్లోవా ఆమెకు ఆదర్శము. గెంతు నృత్యములో ఒక అడుగుగా ఇమిడిపోయెను. ఆమె గొప్పతనము ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

1927లో ఓస్లోలో ఆమె తొలిసారి ప్రపంచ విజేత అయినపుడు ఐదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురు నార్వేవారే. ఆ ముగ్గురును ఆమెకే ప్రథమ స్థానమిచ్చిరి. ఆస్ట్రియా, జర్మనీల వారు అంతవరకు ఐదుసార్లు విజేతయైన హెర్మా సాబోకు ఇచ్చిరి. ఆ గొడవతో దేశమునకు ఒక్కరే న్యాయనిర్ణేత అను నియమము వచ్చినది. హెనీ మాత్రము 1936 వరకు వరుసగా పది ప్రపంచ విజయములను, 1928, 1932, 1936 ఒలింపిక్ స్వర్ణములను సాధించినది. కడపటి ఒలింపిక్స్‌లో స్వల్ప తేడాతో వెనుకబడిన ఆంగ్ల బాలిక సిసిలియా కాలెడ్జ్, అదే ఏడు గాలిలో రెండు చుట్లు తిరిగెడి సాల్కో వేసినది. హెనీవి ఒక్క చుట్టు గెంతులే. కాలము ఎటు తిరుగుచున్నదో అప్పుడే తెలిసినది.

ఇక ఒక మచ్చ. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో హిట్లరుకు నాజీ వందనము చేసినది; అతని ఇంట విందారగించినది. స్వదేశపు పత్రికలు తీవ్రముగా గర్హించినవి. 1940లో జర్మనీ నార్వేను ఆక్రమించిన పిదప ఆ వందనము మరింత చేదు అయినది. కళాకారిణికి రాజకీయముతో పనిలేదని కొందరందురు, మేమట్లు అనజాలము.

అప్పటికామె హాలీవుడ్ తార. 1936 నాటి వన్ ఇన్ ఎ మిలియన్ మొదలుకొని చిత్రములలోను, మంచు నృత్య ప్రదర్శనలలోను అపారధనము గడించి, 1941లో అమెరికా పౌరురాలైనది. 1956లో నార్వే ఓడల యజమాని నీల్స్ ఉన్‌స్టాడ్‌ను మూడవ వివాహమాడినది. ఇరువురును ఆధునిక చిత్రములు సేకరించి, 1968లో ఓస్లో చెంత హోవికొడ్డెన్‌లో కళాకేంద్రము నెలకొల్పిరి. మరుసటి ఏడు అక్టోబరు 12న, రక్తక్యాన్సరుతో బాధపడుచు, పారిస్ నుండి ఓస్లోకు విమానమున వచ్చుచుండగా ఆమె మరణించినది. ఆ కళాకేంద్రపు కొండపైనే ఆమె సమాధి యున్నది. గెలిచిన పతకములు, కప్పులు క్రింద భవనములో ఉన్నవి.